కాకిలంకలో మా అమ్మాయి కాగితాలు

బంధువులకు వస్తువులు అరువివ్వడం మా ఇంట్లో మామూలే. నిచ్చెన, గ్రైండరు, పెద్ద సూట్‌కేసు, ఒకసారి కాశీ వెళ్తున్న పిన్ని కోసం నా మంకీ టోపీ కూడా వెళ్లొచ్చాయి. తిరిగొచ్చినవాటిని లోపల పెట్టుకుంటాం. రానివి ఏ పెళ్లిలోనో కనిపిస్తే చూసి సంతోషిస్తాం. కానీ పిల్ల కాగితాలు అరువడిగిన మనిషి మాత్రం మా వంశం మొత్తానికి మా బావ వీరరాఘవులు ఒక్కడే.

ఆయన మా అక్క మొగుడు. గోదావరి మధ్యలో ఉన్న కాకిలంకలో ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. మిగతా ఉపాధ్యాయులు కూడా ఆయనే. రోజూ పొద్దున్నే మా రేవులో పంటెక్కి లంకకు వెళ్తాడు, సాయంత్రం పంటు మీదే తిరిగొస్తాడు. జూన్ నెలలో ఓ ఆదివారం డజను పెద్ద రసాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బావ పళ్లు తెచ్చాడంటే పని పెద్దదేనని నాకు అర్థమైంది.

"ఒరే పాపారావూ, మన ఇందు పుట్టినతేదీ పత్రం, ఆధార్ కార్డూ ఓపాలి ఇయ్యరా. పనైపోగానే తెచ్చిచ్చేత్తాను" అన్నాడు.

నాకు మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపుంది. ఊళ్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరి పొలం ఎవరి పేర పడిందో నా గాజుపలక మీద పరిచాకే ఆఫీసుకు తెలుస్తుంది. కాబట్టి ధీమాగా, "ఎన్ని కాపీలు కావాలి బావా?" అన్నాను.

"కాపీలు చెల్లవటరా. అసలువే కావాలి."

విషయం ఇది. బడుల సంఖ్యా సమన్వయ విభాగం అని కొత్తగా ఒకటి పుట్టింది. పుట్టీ పుట్టగానే ఓ ఉత్తర్వు వేసింది. ఇరవై మంది ఉంటేనే అది బడి. తగ్గితే అది బడి కాదు, 'అభ్యసన బిందువు'. బిందువుకు పంతులుండడు, తాళం మాత్రం ఉంటుంది. కాకిలంకలో పిల్లలు తొమ్మిది మంది. బడి మూతపడితే ఆ తొమ్మిది మందీ వరద రోజుల్లో కూడా నది దాటి రావాలి. అందుకని బావ చుట్టాల ఇళ్లన్నీ తిరిగి కాగితాలు పోగు చేసి పంతొమ్మిది దాకా లాక్కొచ్చాడు. ఒక్కటి తక్కువైంది.

మా ఆవిడ సువర్చల వంటింట్లోంచి వచ్చి, "పిల్ల ఇక్కడా, కాగితాలక్కడా ఏంటండి అన్నయ్యగారూ?" అంది.

"పిల్లనడగట్లేదమ్మా చెల్లెమ్మా! పిల్ల మీ కాడే ఉంటది, ఆ కాన్వెంటుకే ఎల్తది. కాగితాలే మా బళ్లో చదువుకుంటాయి."

సువర్చల నావైపు చూసింది. నేను మామిడిపళ్లవైపు చూశాను. ఇంటి అల్లుడికి కాదని చెప్పే పద్ధతి మా ఇంట్లో ఇంకా మొదలు కాలేదు. బావ ఆ రెండు కాగితాలనూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడవకుండా చొక్కా లోపల దాచుకుని వెళ్లాడు. అలా మా అమ్మాయి పి. ఇందుమతి, పదేళ్లు, కాకిలంక బళ్లో ఐదో తరగతిలో చేరింది. ఆ సమయంలో ఆవిడ పెరట్లో జామచెట్టెక్కి ఉంది.

మా బావకు అబద్ధమాడటం చేతకాదు. అందుకే చాలా కష్టపడి ఆడాడు. రోజూ హాజరు వేస్తే అనుమానం వస్తుందని, అప్పుడప్పుడూ కడుపునొప్పి రాశాడు. ఆగస్టులో మరీ పద్ధతిగా ఉంటుందని ఆటలమ్మ పోసినట్టు రాశాడు. నాలుగో రోజుకల్లా ఆరోగ్య కార్యకర్త రిజిస్టరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేసింది. కాగితంలో ఉన్న చిరునామా మాదే మరి.

ఇందు అప్పుడే తొక్కుడుబిళ్ల ఆడి వచ్చింది. ఆవిడ పిల్లను వెలుతురులోకి తిప్పి, చేతులు చూసి, వీపు చూసి, "ఒక్క పొక్కూ లేదేంటండీ?" అని నన్నే నిలదీసింది.

"పొయ్యలేదండి."

"పోసినట్టు రాసుంది కదండీ మరి! పది రోజులు బయటికి పంపకండి" అని సంతకం పెట్టించుకుని వెళ్లింది. సంతకం పెట్టాక తప్పుతుందా? ఇందు పది రోజులు కిటికీలోంచి తొక్కుడుబిళ్ల చూసింది.

తర్వాత మార్కులొచ్చాయి. తక్కువ వేస్తే వెనకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టాలి. పెడితే ఫొటో తీసి పంపాలి. ఫొటోకి పిల్ల కావాలి. ఈ గొడవంతా ఎందుకని బావ లెక్కల్లో తొంభై ఎనిమిది వేశాడు. నూటికి నూరు వెయ్యడానికి మనసొప్పలేదట. దస్తూరీ బాగాలేదని రెండు తగ్గించాడు.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యేసరికి ఇందుమతి మండలంలో ప్రథమురాలైంది. బంగారు అంచున్న ప్రశంసాపత్రం పోస్టులో ఇంటికొచ్చింది. మా ఇందుకి కాన్వెంటులో లెక్కల్లో యాభై రెండు. ఆ పత్రం మీద తన పేరు రెండుసార్లు చదువుకుని, "ఈ అమ్మాయెవరు నాన్నా?" అంది.

దాన్ని మించింది మా ఆవిడ. ఆ పత్రాన్ని గోడకు తగిలించింది. మూడో రోజు నుంచి, "కాకిలంక ఇందుని చూసైనా నేర్చుకోవే! ఎప్పుడైనా పుస్తకం వదిలి జామచెట్టెక్కిందా?" అని మొదలుపెట్టింది. పక్కింటి పిల్లతో పోలిస్తే ఆ పిల్ల జుట్టయినా పీకొచ్చు. ఈ పిల్లను ఎక్కడ పట్టుకోవాలో తెలియక మా ఇందు చెట్టు మీదే కూర్చుని ఏడ్చింది. నాకప్పుడు నిజంగా బాధేసింది. బావను తిట్టాలనుకున్నాను. ఆ వారం బావ పనసపండు తెచ్చాడు.

జనవరిలో కాన్వెంటు నుంచి పిలుపొచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ కంప్యూటర్ తెరను నావైపు తిప్పారు.

"మీ అమ్మాయి వివరాలు పరీక్షలకు ఎక్కించబోతే తీసుకోవట్లేదండి. ఈ ఆధార్ నంబరు గల విద్యార్థిని కాకిలంకలో చదువుతోంది. మండలంలో ఫస్టట. మంచిదే. మరి మా మూడో బెంచీలో కూర్చుంటున్న పాప ఎవరు?"

"మా ఇందేనండి."

"ఆవిడ కాకిలంకలో ఉంది కదండీ!"

ఏ నంబరూ లేని పాపను క్లాసులో కూర్చోబెడితే బడి గుర్తింపు పోతుందని ఆవిడ భయం. సంగతి తేలేవరకు వరండాలో కూర్చోమన్నారు. తేలకపోతే ఐదో తరగతి పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఆరో తరగతి లేదు. మూడు రోజులు మా అమ్మాయి వరండాలో బ్యాగు మీద కూర్చుని, లోపల టీచరు అడిగే ప్రశ్నలకు కిటికీలోంచి చెయ్యెత్తింది. ఎవరూ పిలవలేదు. సాయంత్రం షాపుకొచ్చి, "నాన్నా, రేపు కూడా బయటేనా?" అంది. నేను షట్టరు దించేసి సమన్వయ విభాగానికి వెళ్లాను.

సమన్వయాధికారి గారి బల్ల మీద దస్త్రాలు ఆయన గడ్డం దాకా ఉన్నాయి. వాటి పైనుంచి మాట్లాడతారు. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"మీరు ప్రాథమికమైన పొరపాటు చేయుచున్నారు" అన్నారు. "విద్యార్థిని అనగా రికార్డు. పిల్ల అనునది సదరు రికార్డుకు అనుబంధము. అనుబంధము దారితప్పినచో శాఖ బాధ్యత వహించదు."

"ఆ రికార్డును అక్కణ్నుంచి తీసేయించండి సార్. టీసీ ఇప్పించండి."

"మండల ప్రథమురాలికా? ప్రతిభా పరిరక్షణ నియమావళి ప్రకారము విద్యాసంవత్సరము మధ్యలో అట్టివారిని కదల్చుట నిషిద్ధము."

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "సార్, ఉన్నమాట చెబుతాను. మా పిల్ల ఆ బడికి ఒక్క రోజు కూడా వెళ్లలేదండి."

ఆయన కళ్లు తెరిచారు. ఒక దస్త్రం లాగారు. "హాజరు ఎనభై ఏడు శాతము. మీ ఇంటియందు ఆ అమ్మాయి హాజరు ఎంత శాతము?"

"మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుందండి!"

"రుజువు?"

పదేళ్లుగా పిల్లను పెంచుతున్నాం గానీ, ఒక్కనాడూ హాజరు వేసుకోవాలని తోచలేదు.

నా అవస్థ చూసి ఆయనకు జాలేసింది. స్వతహాగా మంచివారే. "ఒక మార్గము కలదు. మీ వద్దనున్న పిల్లను నేడే జన్మించినట్లు నమోదు చేయించుకొనుడు. ఐదేండ్లు నిండిన పిమ్మట ఒకటవ తరగతిలో నిరభ్యంతరముగా చేర్చుకొందురు."

"అప్పటికి దానికి పదిహేనేళ్లొస్తాయండి!"

"మంచిదే. ఒకటవ తరగతి సులభముగా ఉత్తీర్ణురాలగును."

లేచి దండం పెట్టాను. గుమ్మం దాకా వెళ్లాక ఆయనే వెనక్కి పిలిచారు. "చూడుము. కాగితమును పిల్ల వద్దకు కదల్చుటకు నియమములు ఒప్పుకొనవు. పిల్లను కాగితము వద్దకు కదల్చుటకు నాకు తెలిసినంతవరకు ఏ అడ్డంకియు లేదు."

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. బావ వట్టి చేతులతో వచ్చి తల దించుకుని కూర్చున్నాడు.

"నాదే తప్పమ్మా చెల్లెమ్మా. ఆ ఆపీసోల్ల కాల్లట్టుకునైనా టీసీ ఇప్పిచ్చేత్తాను. బడి పోతే పోద్ది. పిల్లకాయల్ని నేనే పొద్దున్నే పంటు మీద ఇటు తీసుకొచ్చేత్తాను."

"గోదారి పోటు మీదున్నప్పుడు కూడానా అన్నయ్యగారూ?" అంది సువర్చల. మా ఆవిడ నోటితో ఎంత గట్టిగా అరుస్తుందో, మనసులో అంత మెత్తన.

ఇందు గోడ మీద ప్రశంసాపత్రం చూస్తూ, "నేను మావయ్యతో వెళ్తా. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుంటుందో చూస్తా" అంది.

మర్నాడు నేనూ వెళ్లాను. కాకిలంక బడంటే ఒకే గది, నల్లబల్ల, బీరువా. మా అమ్మాయి కాగితాలు ఆ బీరువాలోనే ఉన్నాయి. తొమ్మిది మంది పిల్లలు చాప మీద కూర్చుని ఉన్నారు. బావ హాజరు పిలవడం మొదలుపెట్టాడు. ఉన్న పిల్లలు "ఉన్నానండి" అన్నారు. లేని పిల్లల పేరొచ్చినప్పుడల్లా బావ తల పక్కకు తిప్పుకుని, గొంతు సన్నం చేసుకుని, తనే "ఉన్నానండి" అన్నాడు. పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకది రోజూ జరిగేదే.

"పి. ఇందుమతి."

"ఉన్నానండి" అన్నారు బావా, మా అమ్మాయీ ఒకేసారి. బావ రిజిస్టరు మీంచి తలెత్తి, కాసేపు పిల్లనే చూసి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండానే కాగితాలు వెతుక్కుంటూ ఇంకో ఇద్దరొచ్చారు. ఒకడు మా పెదనాన్న మనవడు. రెండో పిల్ల మా అక్క తోటికోడలి కూతురు. వాళ్లనూ వాళ్ల వాళ్ల బళ్లలో వరండాలోకి నెట్టారట. ఫిబ్రవరి ఆఖరుకల్లా పదకొండు మందీ చేరారు. పొద్దున్నే మా రేవు నుంచి పంటు నిండా పిల్లలు లంకకు బయల్దేరుతుంటే, అటునుంచి కూరగాయల బుట్టలతో వచ్చే ఆడవాళ్లు ఇదేం చోద్యమని చూసేవారు. కాగితం మీద ఇరవై, చాప మీద ఇరవై. ఎవరి 'ఉన్నానండి' వాళ్లే చెప్పుకుంటున్నారు. బావ గొంతుకు విశ్రాంతి దొరికింది. పాఠం కూడా బాగా చెప్పేవాడట. ఇందు జామచెట్టు ఎక్కడం మానలేదు గానీ, లెక్కల పుస్తకంతో ఎక్కేది.

మార్చిలో నేను మోడల్ ప్రశ్నపత్రాల జిరాక్సులు ఇవ్వడానికి లంకకు వెళ్లిన రోజే సమన్వయాధికారి గారు దిగారు. పట్టు పంచె కట్టుకున్నారు. పక్క లంకలో వాళ్ల వియ్యాలవారింట్లో భోజనమట. పంటు వచ్చేలోపు బడి చూద్దామని వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమిటిది? ఇంతమంది పిల్లలేల?"

"ఇరవై మందండి. రికార్డు ప్రకారమే ఉన్నారండి" అన్నాడు బావ గర్వంగా.

"రికార్డు ఉన్నప్పుడు వీరెందులకు?" అంటూ లోపలికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. "మండల ప్రథమురాలు ఎవరు?"

ఇందు లేచి నిలబడింది.

"పదిహేడు పదమూళ్లు?"

ఇందు పైకి చూసింది, వేళ్లు మడిచింది. "రెండు వందల... పదకొండు సార్."

"రెండు వందల ఇరువది యొకటి" అన్నారాయన. నిట్టూర్చారు. "ప్రధానోపాధ్యాయుడు గారూ, తనిఖీ పుస్తకమునందు వ్రాయుడు. సదరు పిల్ల తన రికార్డు యొక్క స్థాయికి తగియుండలేదు. కావున పిల్లను తొలగించి, రికార్డును యథాతథముగా కొనసాగించవలెను. వార్షిక పరీక్షలు రికార్డే వ్రాయును."

నాకు ఒళ్లు మండింది. "కాగితం పరీక్ష ఎలా రాస్తుందండీ?"

"ఇంతవరకు ఎట్లు వ్రాసెనో అట్లే."

ఇందు పెదవులు బిగించింది. ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుసు. ఎన్నడూ పైవాళ్లకు ఎదురు చెప్పని బావ కలం తీశాడు. తారీఖు రాశాడు, ఆగాడు. తనిఖీ పుస్తకంలో అధికారి పర్యటన ఉత్తర్వు నంబరు వెయ్యాలి. అది ప్రధానోపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఏ బడిని ఏ రోజు ఆకస్మికంగా తనిఖీ చేస్తారో నెలరోజుల ముందే అందులో పెడతారు. బావ ఫోన్ తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

పక్కనే నిలబడ్డ ఇందు తొంగి చూసింది. లెక్కలు ఎలా ఉన్నా చదవడం మా అమ్మాయికి బాగా వచ్చు. గట్టిగా చదివేసింది.

"'నేటి ఉదయము దివిలిపేట పాఠశాలను ఆకస్మికముగా తనిఖీ చేసి సంతృప్తి చెందడమైనది. సాయంత్రము వరకు ఇచ్చటనే ఉందును. సమన్వయాధికారి.' సార్, మీరు దివిలిపేటలో ఉన్నారండి."

"ఎన్ని గంటలకు పెట్టబడినది?" అన్నారాయన మెల్లగా.

"పదకొండుంబావుకండి" అన్నాడు బావ. "ఫొటో కూడా ఉందండి. అందులో తమరు స్వెట్టరేసుకున్నారండి."

బయట మార్చి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నారు. నేనాయన కోప్పడతారనుకున్నాను. అన్యాయంగా అనుకున్నాను. నియమమంటే ఆయనకు ప్రాణం. కాసేపు పూర్వాపరాలు ఆలోచించి, తీర్పు చెప్పినట్టు, "అయినచో నేనిచ్చట లేను" అన్నారు.

"లేరండి" అన్నాడు బావ.

"లేని అధికారి ఆదేశమొసగజాలడు. ఏమైనా వ్రాసితిరా?"

"తారీఖొక్కటే ఏసేనండి."

"తారీఖు ఉండవచ్చును. దానిపై శాఖకు అభ్యంతరము లేదు."

"అయితే నేను పరీక్ష రాయొచ్చా సార్?" అంది ఇందు.

ఆయన దానివైపు చూశారు. సమాధానం చెప్పాలని నోరు తెరిచారు. తను అక్కడ లేనన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, మూసేసుకున్నారు. లేచి గుమ్మం దాటారు. బావ అలవాటు కొద్దీ లేచి నమస్కారం పెట్టబోయి, ఎవరికని ఆలోచించి మళ్లీ కూర్చున్నాడు.

ఏప్రిల్‌లో ఇరవై మందీ చాప మీద కూర్చుని వార్షిక పరీక్షలు రాశారు. మా అమ్మాయి లెక్కల పరీక్షకు మూడు అదనపు కాగితాలు అడిగి తీసుకుందట. ఫలితాల రోజు బావ మార్కుల పత్రం స్వయంగా పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. లెక్కల్లో అరవై ఒకటి.

సువర్చల నా భుజం మీంచి చూసి, "అరవై ఒకటా? మిగతా ముప్పై తొమ్మిదీ ఏమయ్యాయే?" అంది.

ఇందు ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుంది. మడత పెట్టకుండా గుండెకు ఆనించుకుంది.

"వచ్చినవీ నావే అమ్మా, పోయినవీ నావే" అంది.